పార్కు కాపలాదారు కొడుకు

నేనూ ఈ హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాణ్ణే. వార్షికోత్సవ సంచికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాసివ్వమని వార్డెన్ గారు కబురు పెట్టారు. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, రాయాలి కూడా. నేను మాత్రం ఈసారి ఒక టెన్నిస్ ఆటగాడి గురించి రాస్తున్నాను. మనకూ టెన్నిస్‌కూ ఏం సంబంధం అని మీరు నవ్వవచ్చు. నేను చదువుకునే రోజుల్లో నాకు తెలిసిన టెన్నిస్ అంతా ఊళ్ళో ఒక క్లబ్బు గోడకు అవతల జరిగేది. బంతి గోడ దాటి రోడ్డు మీద పడితే తీసి లోపలికి విసిరేవాళ్ళం. అంతవరకే మా ఆట.

ఆర్థర్ యాష్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో, ఈమధ్య ఫోన్లలో తిరిగే సందేశాల్లో ఆయన కథ ఒకటి కనిపిస్తుంటుంది. ప్రాణం తీసే జబ్బు వచ్చినా దేవుణ్ణి నిందించని మనిషి అని. అది చదివితే ఆయన జబ్బు తెలుస్తుంది గానీ ఆయన తెలియడు. ఆయన కథను ఒక పార్కు దగ్గర నుంచి మొదలు పెట్టాలి.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రానికి రాజధాని రిచ్మండ్. 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధంలో, బానిసత్వాన్ని నిలుపుకోవడం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు రాజధానిగా ఉన్న ఊరు అది. బానిసత్వం పోయింది గానీ అంటరానితనం లాంటిది మిగిలిపోయింది. నల్లవాళ్ళకు వేరే బడి, బస్సులో వెనక సీట్లు, వేరే పార్కు. ఆ ఊళ్ళో 1943 జూలై 10న ఆర్థర్ యాష్ పుట్టాడు. తండ్రి పేరు కూడా ఆర్థర్ యాషే. ఆయన పెద్దగా చదువుకోలేదు. కారు డ్రైవరుగా, ఇళ్ళల్లో పనిమనిషిగా, ఏ పని దొరికితే ఆ పని చేసి బతికిన మనిషి. 1947లో ఆయనకు నగర పాలక సంస్థలో ఒక ఉద్యోగం దొరికింది. బ్రూక్ ఫీల్డ్ అనే పార్కుకు కాపలా. సుమారు 18 ఎకరాల స్థలం, రిచ్మండ్‌లో నల్లవాళ్ళ కోసం కేటాయించిన పెద్ద ఆటస్థలం. ఉద్యోగంతో పాటు పార్కు లోపలే ఒక ఐదు గదుల ఇల్లు ఇచ్చారు. అప్పటికి ఆర్థర్ వయసు నాలుగేళ్ళు.

ఆ ఇంటి వాకిట్లోంచి అడుగు బయట పెడితే బేస్‌బాల్ మైదానం, ఈతకొలను, టెన్నిస్ కోర్టులు. రుసుము లేదు, సభ్యత్వం లేదు. టెన్నిస్ అంటే అప్పటికీ ఇప్పటికీ డబ్బున్నవాళ్ళ ఆటే. నున్నగా చదును చేసిన కోర్టు కావాలి, అది ఒకరి సొంతంగానో ఒక క్లబ్బు చేతుల్లోనో ఉంటుంది. ఆ ఒక్కటీ ఉచితంగా దొరికితే మిగతా వాటికి ఎక్కడో ఒక దారి కనిపిస్తుంది. రాకెట్ ఎవరో ఒకరు ఇస్తారు, పాత బంతులు ఎక్కడో దొరుకుతాయి. ఆర్థర్ విషయంలో అదే జరిగింది. బక్కపలచని పిల్లవాడు, చెయ్యి పట్టుకుంటే విరిగిపోతుందేమో అన్నట్టు ఉండేవాడట. ఏడేళ్ళ వయసుకు రాకెట్ పట్టాడు.

అంతకు ముందే ఒక దెబ్బ తగిలింది. 1950లో తల్లి మ్యాటీ చనిపోయింది. ఆమెకు అప్పటికి 27 ఏళ్ళు, ఆర్థర్‌కు ఆరు, తమ్ముడు జానీకి ఇంకా రెండేళ్ళు కూడా నిండలేదు. నాలుగేళ్ళకే కొడుక్కి చదవడం నేర్పిన తల్లి ఆమె. ఆసుపత్రికి వెళ్ళే ముందు నీలం రంగు గౌను వేసుకుని పక్క గుమ్మంలో నిలబడి తనవైపు చూసిన దృశ్యం ఒక్కటే ఆర్థర్‌కు చివరిదాకా గుర్తుండిపోయింది. అంత్యక్రియలకు అతను వెళ్ళలేదు. పెద్దయ్యాక తనలోని ముభావానికి, ఎవరికీ పూర్తిగా దగ్గర కాలేని స్వభావానికి మూలం అక్కడే ఉందని ఆయనే రాసుకున్నాడు.

తండ్రి మరీ గట్టి మనిషి. బడి నుంచి ఇంటికి నడిచి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్క కట్టి, అంతలో ఇంట్లో ఉండాలని నియమం పెట్టాడు. మన వార్డెన్ గారి రోల్‌కాల్ మీకు కష్టమనిపిస్తే ఈ తండ్రిని తలుచుకోండి. నల్ల పిల్లవాడు వీధిలో ఊరికే తిరిగితే ఏ క్షణాన ఏ నేరం మీద పడుతుందో తెలియని ఊరు అది. ఆ భయమే నియమం అయింది.

పార్కుకు రోజూ ఆడటానికి వచ్చే రాన్ చారిటీ అనే యువకుడు అక్కడి వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయం విద్యార్థి. రిచ్మండ్ నల్లవాళ్ళలో అతనే మేటి ఆటగాడు. కోర్టు పక్కన కూర్చుని కళ్ళప్పగించి చూసే కాపలాదారు కొడుకుని పిలిచి, రాకెట్ ఎలా పట్టుకోవాలో చూపించాడు. ఫీజు తీసుకోలేదు. ఆ ఊళ్ళోనే బర్డ్ పార్కు అని ఇంకో పార్కు ఉంది. అక్కడ మంచి కోర్టులు, పోటీలు. అదీ ప్రజల పార్కే, అదీ పన్నుల డబ్బుతో నడిచేదే. కానీ నల్లవాళ్ళకు ప్రవేశం లేదు. ఆర్థర్‌ను అక్కడి పోటీల్లో ఆడనివ్వకుండా వెనక్కి పంపేశారు. ప్రజల పార్కు అన్నప్పుడు ప్రజలు అంటే ఎవరో ఆ పిల్లవాడికి అలా తెలిసింది.

1953లో చారిటీ అతణ్ణి లించ్‌బర్గ్ అనే ఊళ్ళో డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్ దగ్గరికి పంపించాడు. ఈ డాక్టర్ గారి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆర్థర్ జీవితంలో సగం ఆయన చేతుల మీద తయారైంది. జాన్సన్ నల్లజాతి వైద్యుడు. ఇంటి వెనక పెరట్లో టెన్నిస్ కోర్టు వేయించుకున్నాడు. ఏటా వేసవిలో నల్లజాతి పిల్లల్ని పిలిచి, తన ఇంట్లోనే పెట్టుకుని, తిండి పెట్టి, ఆట నేర్పేవాడు. వింబుల్డన్ గెలిచిన మొదటి నల్లజాతి క్రీడాకారిణి ఆల్థియా గిబ్సన్ కూడా ఆయన చేయూతతో పైకి వచ్చినదే. ఆమె మొదట ఆడింది న్యూయార్క్‌లోని హార్లెమ్ వీధుల్లో. ట్రాఫిక్ ఆపి పిల్లల ఆటలకు వదిలిన వీధిలో, చెక్క బ్యాటుతో.

ఆ పెరట్లో శిక్షణ వింతగా ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు రాకెట్ బదులు చీపురు కర్రతో బంతిని కొట్టాలి. దానితో కొట్టగలిగితే రాకెట్‌తో కొట్టడం తేలికవుతుంది. కుక్కల కొట్టం ఊడవడం, తోటపని కూడా పిల్లలే చేయాలి. ఆర్థర్ మొదట్లో మొండికేశాడు. డాక్టర్ గారి కొడుకు ఏదో మార్చమంటే, చారిటీ నాకు ఇలా నేర్పలేదు అని ఎదురు చెప్పాడు. డాక్టర్ గారు తండ్రికి ఫోన్ చేశారు. తండ్రి కారేసుకుని వచ్చి, ఇకనుంచి డాక్టర్ గారు ఏం చెబితే అదే చెయ్యాలని తేల్చేశాడు. మళ్ళీ మారు మాట లేదు.

ఆటకంటే ఎక్కువగా నేర్పింది నడవడిక. గీతకు కొంచెం అవతల పడిన బంతిని కూడా లోపలే పడిందనుకుని ఆడాలి. అంపైరుతో వాదించకూడదు. రాకెట్ విసరకూడదు, అరవకూడదు. కోర్టు మారేటప్పుడు బంతులు ఏరి ఎదుటివాడి చేతికి ఇవ్వాలి. దీని వెనక లెక్క ఉంది. తెల్లవాళ్ళ పోటీల్లోకి నల్లవాణ్ణి రానివ్వడమే గొప్ప, ఒక్క చిన్న తప్పు దొరికితే బయటికి పంపడానికి కాచుకుని ఉంటారు. ఆ సాకు వాళ్ళకు ఇవ్వకూడదు.

ఈ భాగం చదివిన ప్రతిసారీ నాకు మనసు రెండు రకాలుగా పోతుంది. అన్యాయం చేసేది ఒకడు, మర్యాదగా ఉండాల్సింది ఇంకొకడు, ఇదెక్కడి న్యాయం? ఎదుటివాడు రాకెట్ విరగ్గొట్టినా కుర్రతనం అంటారు, నల్లవాడు గొంతు పెంచితే జాతి బుద్ధి అంటారు. హాస్టల్ పిల్లలం బయట బడికి వెళ్ళినప్పుడు ఒకడు అల్లరి చేస్తే హాస్టల్ వాళ్ళంతా ఇంతే అన్న మాట మనం పడలేదా? ఆర్థర్ ఆ నియమాల్ని తలవంచుకుని పాటించాడు, అందువల్లే ముందుకు వెళ్ళగలిగాడు. దానికి మూల్యం కూడా చెల్లించాడు. తరువాత రోజుల్లో నల్లజాతి యువకులు కొందరు అతను మరీ మెతకని, తెల్లవాళ్ళకు నచ్చేలా నడుచుకుంటాడని నిందించారు. ఆ నింద ఆయన్ను చాలా ఏళ్ళు వెంటాడింది.

రిచ్మండ్‌లో ఇంకో చిక్కు వచ్చింది. చలికాలం ఆరుబయట ఆడటం కుదరదు. లోపలి కోర్టులు నల్లవాళ్ళకు ఇవ్వరు. ఏడాదిలో కొన్ని నెలలు ఆట ఆగిపోతే పై స్థాయికి వెళ్ళడం కల్ల. అందుకే 1960లో ఇంటర్మీడియట్ లాంటి చివరి ఏడాదికి ఇల్లు వదిలి సెయింట్ లూయిస్ అనే ఊరికి వెళ్ళాడు. డాక్టర్ జాన్సన్ మిత్రుడు రిచర్డ్ హడ్లిన్ అనే ఉపాధ్యాయుడి ఇంట్లో ఉండి చదివాడు, ఆడాడు. అక్కడి నుంచి లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్ ఇచ్చి పిలిచింది. 1963లో అమెరికా డేవిస్ కప్ జట్టులోకి ఎంపికైన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. 1965లో అమెరికా కాలేజీల సింగిల్స్ చాంపియన్. 1966లో వ్యాపార నిర్వహణలో డిగ్రీ పట్టా తీసుకుని సైన్యంలో చేరాడు. ఆట ఉందని చదువు వదల్లేదు.

1968. ఆ ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. ఆ సెప్టెంబర్‌లో న్యూయార్క్ ఫారెస్ట్ హిల్స్‌లో మొట్టమొదటి యు.ఎస్. ఓపెన్. అప్పటిదాకా అమెచ్యూర్లకే పరిమితమైన ఆ పోటీని ఆ ఏడే ప్రొఫెషనల్స్‌కూ తెరిచారు. సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉన్న యాష్ ఫైనల్లో హాలండ్ ఆటగాడు టామ్ ఓకర్‌ను ఐదు సెట్లలో ఓడించాడు. మొదటి సెట్టే 14-12 దాకా సాగింది. గెలిచిన వాడికి బహుమతి 14,000 డాలర్లు. కానీ యాష్ అమెచ్యూర్ కాబట్టి ఆ డబ్బు ముట్టుకోకూడదు. అది ఓడిపోయిన ఓకర్‌కు వెళ్ళింది, గెలిచినవాడికి రోజువారీ భత్యం మిగిలింది. బహుమతి ప్రదానం వేళ పార్కు కాపలాదారు కోర్టులోకి వచ్చి కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. కన్నీళ్ళు ఆగలేదు ఆ గట్టి మనిషికి.

ఆ గెలుపు తరువాత యాష్ చేసిన పనుల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. 1969లో చార్లీ పసరెల్, షెరిడన్ స్నైడర్ అనే ఇద్దరు మిత్రులతో కలిసి నేషనల్ జూనియర్ టెన్నిస్ లీగ్ అనే సంస్థ పెట్టాడు. పేద పేటల్లోని పిల్లలకు, వాళ్ళ దగ్గరలోని పార్కుల్లో, బడి ఆవరణల్లో టెన్నిస్ అందుబాటులోకి తేవడం దాని పని. నెలల తరబడి పాఠాలు చెప్పి పిల్లలకు విసుగు పుట్టించకుండా, ముందు జట్లుగా చేసి ఆడించేవాళ్ళు. ఆడుతూ ఆడుతూ నేర్చుకుంటారు. క్రమంగా ఆటతో పాటు చదువు చెప్పడం కూడా చేర్చారు. ఆ సంస్థ ఇప్పటికీ అమెరికా అంతటా నడుస్తోంది. బ్రూక్ ఫీల్డ్‌లో తనకు చారిటీ ఫీజు లేకుండా ఇచ్చినదాన్ని ఆయన ఇలా వేల పార్కు పిల్లలకు తిరిగి పంచాడన్నమాట. 1971లో ఆఫ్రికాలోని కామెరూన్ వెళ్ళినప్పుడు యవుందే నగరంలో 11 ఏళ్ళ పిల్లవాడి ఆట చూసి ఫ్రాన్స్ టెన్నిస్ పెద్ద ఫిలిప్ షాత్రియేకు చెప్పాడు. ఫ్రాన్స్ వాళ్ళు ఆ పిల్లవాణ్ణి తీసుకెళ్ళి శిక్షణ ఇచ్చారు. అతనే 1983లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన యానిక్ నోవా.

ఇక దక్షిణాఫ్రికా. అక్కడ అపార్థీడ్ పేరుతో జాతి వివక్షను చట్టమే చేసి పెట్టారు. జొహానెస్‌బర్గ్ పోటీల్లో ఆడటానికి యాష్ 1969లో వీసా అడిగితే ఇవ్వలేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ ఇవ్వలేదు. చివరికి 1973లో ఇచ్చారు. ఆయన షరతులు పెట్టాడు. ప్రేక్షకుల్లో నల్లవాళ్ళను, తెల్లవాళ్ళను విడదీసి కూర్చోబెట్టకూడదు. తనను గౌరవ తెల్లవాడిగా లెక్కగట్టకూడదు, నల్లవాడిగానే రానివ్వాలి. ఎక్కడికైనా వెళ్ళనివ్వాలి, ఏదైనా మాట్లాడనివ్వాలి. వెళ్ళాడు. సింగిల్స్ ఫైనల్లో జిమ్మీ కానర్స్ చేతిలో ఓడాడు, డబుల్స్ మాత్రం తను ఒకప్పుడు ఓడించిన ఓకర్‌తోనే కలిసి గెలిచాడు. సోవెటో వెళ్ళి నల్లజాతి పిల్లల్ని కలిశాడు. ఒక కుర్రవాడు ఆయన ఎక్కడికి వెళ్తే అక్కడికి వెనకాలే తిరిగాడు. ఎందుకని అడిగితే, స్వేచ్ఛగా ఉన్న నల్లవాణ్ణి కళ్ళతో చూడటం అదే మొదటిసారి అన్నాడట.

మరోవైపు నువ్వు ఇక్కడికి వచ్చి ఆ ప్రభుత్వానికి పరువు తెస్తున్నావని సోవెటోలోనే కొందరు ఆయన ముఖం మీద చెప్పారు. ఇక్కడ మన దేశం ప్రస్తావన వస్తుంది. మరుసటి ఏడాది 1974లో భారత జట్టు మొదటిసారి డేవిస్ కప్ గెలిచే అంచుకు చేరింది. విజయ్, ఆనంద్ అమృతరాజ్ సోదరులు మంచి ఊపులో ఉన్నారు. ఫైనల్లో ఎదురుపడాల్సింది దక్షిణాఫ్రికా. భారత్ ఆడనంది. కప్పు ఆట లేకుండానే దక్షిణాఫ్రికాకు పోయింది. మన దేశం అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ కప్పు గెలవలేదు. వెళ్ళి లోపలి నుంచి మార్చాలా, బయట నిలబడి తలుపు వేయాలా? యాష్ మొదట వెళ్ళడమే మంచిదనుకున్నాడు. తరువాత ఇంకోసారి వెళ్ళినప్పుడు అదే స్టేడియంలో టికెట్లు కొనబోయిన నల్లజాతి కుర్రవాళ్ళను ఆఫ్రికన్ల కౌంటరుకు పొమ్మన్నారు. తన షరతులు తాను ఉన్నన్నాళ్ళకే చెల్లాయని ఆయనకు అర్థమైంది. బహిష్కరణే సరైనదని ఒప్పుకుని పక్షం మార్చుకున్నాడు. నా లెక్కలో మన దేశం 1974లో చేసిందే సరైన పని. కానీ తాను పొరబడ్డానని అందరి ముందూ ఒప్పుకోవడం కూడా ఎంతమందికి చేతనవుతుంది? 1983లో గాయకుడు హ్యారీ బెలఫోంటేతో కలిసి అపార్థీడ్‌కు వ్యతిరేకంగా కళాకారుల, క్రీడాకారుల సంఘం పెట్టాడు. 1985 జనవరిలో వాషింగ్టన్‌లోని దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముందు నిరసనలో అరెస్టయ్యాడు. ఎన్నడూ అంపైరుతో కూడా వాదించవద్దని నేర్చుకున్న మనిషి చేతులకు బేడీలు పడ్డాయి. 1990లో జైలు నుంచి విడుదలైన మండేలా అమెరికా వచ్చినప్పుడు ఇద్దరూ కలుసుకున్నారు.

ఆటలో చెప్పాల్సినది ఇంకొకటి ఉంది. 1970లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాక, 1975లో వింబుల్డన్ ఫైనల్ చేరాడు. ఎదుట 22 ఏళ్ళ జిమ్మీ కానర్స్, ముందటేడు చాంపియన్. యాష్‌కు మరో ఐదు రోజుల్లో 32 నిండుతాయి. గెలుస్తాడని అనుకున్నవాళ్ళు బహు తక్కువ. యాష్ సహజంగా గట్టిగా కొట్టే ఆటగాడు, కానర్స్‌కు కావలసింది అదే, వచ్చిన వేగాన్నే తిప్పికొడతాడు. అందుకని ఆ రోజు యాష్ తన అలవాటంతా పక్కన పెట్టాడు. వేగం లేని బంతులు, తక్కువ ఎత్తులో వచ్చే బంతులు, నెత్తి మీదుగా పోయే లాబ్‌లు. కోర్టు మారే విరామంలో కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నాడు. 6-1, 6-1, 5-7, 6-4. అమెరికా, వింబుల్డన్, ఆస్ట్రేలియా టైటిళ్ళలో దేన్నయినా సింగిల్స్‌లో గెలిచిన నల్లజాతి పురుషుడు ఇప్పటికీ ఆయనొక్కడే.

1977లో ఆయన ఒక పత్రికలో నల్లజాతి తల్లిదండ్రులకు బహిరంగ లేఖ రాశాడు. పిల్లల్ని మైదానాల్లో ఎంతసేపు ఉంచుతున్నారో, గ్రంథాలయాల్లో దానికి రెండింతల సేపు ఉంచమని దాని సారాంశం. వేలమందిలో ఒక్కడు ఆటతో బతుకుతాడు, మిగతా వాళ్ళ గతేమిటని ఆయన బెంగ. తరువాత కాలేజీ ఆటగాళ్ళకు కనీస మార్కులు ఉండాలన్న నిబంధనను ఆయన సమర్థిస్తే, అది నల్ల పిల్లలకే దెబ్బ అని సొంత జాతి పెద్దలే కొందరు కోప్పడ్డారు. ఆ వాదన రిజర్వేషన్లు, మార్కుల గురించి మనం వినే వాదనల్లాగే ఉంటుంది, దాని జోలికి ఇక్కడ పోను. ఆయన మాత్రం ఊరికే సలహా చెప్పి కూర్చోలేదు. అమెరికా నల్లజాతి క్రీడాకారుల చరిత్ర సరిగా రాసిన పుస్తకం లేదని, సొంత డబ్బు పెట్టి, ఏళ్ళ తరబడి వెదికించి మూడు సంపుటాలు రాశాడు. అవి 1988లో వచ్చాయి.

ఆ 1977లోనే ఫోటోగ్రాఫర్ జీన్ ముటుసామీని పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఇంటిపేరు ఎక్కడో విన్నట్టు ఉంది కదూ? మన దక్షిణాది ముత్తుస్వామే. చెరకు తోటల కూలికి సముద్రం దాటిన మనవాళ్ళ పేరు కరీబియన్ దీవుల మీదుగా అమెరికా చేరింది.

1979లో, 36 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది. ఆ డిసెంబర్‌లో బైపాస్ ఆపరేషన్. 1980లో ఆట మానేసి డేవిస్ కప్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు, 1981, 1982లలో కప్పు గెలిపించాడు. 1983లో రెండోసారి గుండె ఆపరేషన్ అయినప్పుడు ఎక్కించిన రక్తంలో హెచ్.ఐ.వి. ఉంది. దాతల రక్తాన్ని పరీక్షించే పద్ధతి అప్పటికి లేదు. ఆ సంగతి 1988లో కుడిచెయ్యి చచ్చుబడి ఆసుపత్రికి వెళితే బయటపడింది. అప్పటికి దత్తత తీసుకున్న కూతురు కెమెరాకు రెండేళ్ళు కూడా నిండలేదు. పాప కోసం గుట్టుగా ఉంచారు. 1992లో ఒక పత్రిక వాళ్ళకు వాసన తగిలి ఫోన్ చేసేసరికి, ఆ ఏప్రిల్ 8న తనే విలేకర్ల ముందుకు వచ్చి చెప్పాల్సి వచ్చింది. కూతురి మాట వచ్చేసరికి గొంతు పూడుకుపోతే, భార్య కాగితం అందుకుని చదివింది. ఆ తరువాత ఆయన బతికింది పది నెలలు. ఆ పది నెలల్లో ఎయిడ్స్ మీద పోరాటానికి సంస్థ పెట్టాడు, ఐక్యరాజ్య సమితిలో ప్రసంగించాడు. హైతీ శరణార్థుల్ని వెనక్కి తరుముతున్నారని వైట్‌హౌస్ ముందు నిరసన చేసి మరోసారి అరెస్టయ్యాడు. 1993 ఫిబ్రవరి 6న న్యూయార్క్‌లో కన్నుమూశాడు. 49 ఏళ్ళు.

రిచ్మండ్‌కు తెచ్చి గవర్నర్ భవనంలో భౌతికకాయాన్ని ఉంచితే వేలమంది బారులు తీరి చూశారు. అప్పటి గవర్నర్ డగ్లస్ వైల్డర్, అమెరికాలో గవర్నర్‌గా ఎన్నికైన మొదటి నల్లజాతి వ్యక్తి. తల్లి సమాధి పక్కనే పూడ్చారు. 1996లో మాన్యుమెంట్ అవెన్యూ అనే వీధిలో ఆయన విగ్రహం పెట్టారు. ఒక చేతిలో పుస్తకాలు, ఒక చేతిలో రాకెట్, చుట్టూ పిల్లలు. పుస్తకాల చెయ్యే పైన ఉంటుంది. అప్పటిదాకా ఆ వీధి నిండా ఉన్నవి బానిసత్వం పక్షాన యుద్ధం చేసిన సేనానుల విగ్రహాలు. వాళ్ళ మధ్య నల్లవాడేమిటని కొందరు, ఆ సేనానుల మధ్య మా వాణ్ణి నిలబెడతారా అని ఇంకొందరు గొడవ చేశారు. 2020, 2021లలో సేనానుల విగ్రహాలను ఒక్కొక్కటిగా తొలగించారు. యాష్ విగ్రహం అక్కడే ఉంది.

న్యూయార్క్‌లో యు.ఎస్. ఓపెన్ ఫైనల్స్ జరిగే పెద్ద స్టేడియానికి 1997లో ఆయన పేరు పెట్టారు. అదీ ఒక ప్రజా పార్కులోనే ఉంది. బ్రూక్ ఫీల్డ్ మాత్రం ఇప్పుడు లేదు. ఆ కోర్టులు, ఆ ఐదు గదుల ఇల్లు తీసేసి అక్కడ ఊరి పెద్ద పోస్టాఫీసు కట్టారు. 2019లో రిచ్మండ్‌లో ఒక పెద్ద రోడ్డుకు ఆర్థర్ యాష్ బులెవార్డ్ అని పేరు మార్చారు. ఆ రోడ్డు ఒక కొస బర్డ్ పార్కు దగ్గర ఉంది.